చప్పుడు చేయని కారు

"బాబూ, ఇక స్టార్టు చెయ్యండి. ఇంజను ఎలా వుందో చూద్దాం" అన్నాను.

మా అల్లుడు ఒక్క క్షణం నా ముఖంకేసి చూసి, మొహమాటంగా నవ్వి, "నడుస్తూనే వుంది మామయ్యగారూ!" అన్నాడు.

ముప్పైనాలుగేళ్ళు మోటారు షెడ్డులో బ్రతికినవాడికి ఇంతకంటే తలవంపు మరొకటి వుంటుందా, మీరే చెప్పండి! బానెట్ ఎత్తి వున్నది. నేను దానిమీదకి వంగి నిలబడి వున్నాను. నా ముక్కుకి జానెడు దూరంలో ఎనిమిది సిలిండర్ల ఇంజను. అది నడుస్తున్నదో, నిద్రపోతున్నదో నాకు తెలియలేదు. అల్లుడు జేబులోంచి పావు డాలరు బిళ్ళ తీసి ఇంజను మీది మూతపైన అంచుమీద నిలబెట్టాడు. దీక్షలో కూర్చున్న మునిలాగ ఆ బిళ్ళ కదలకుండా నిలబడింది.

మరొకడైతే "ఆహా" అనేవాడు. నాకు మాత్రం ముందు భయం వేసింది. ఈ గొప్పతనం కారుదా, లేక లోపం నా చెవులదా అని!

ఇది జరిగింది 2023 వేసవిలో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్ళో. (మనవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమంది వున్నారంటే, కరివేపాకు కోసం ఎదురింటి తలుపు తట్టవచ్చు.) అమ్మాయిని చూడడానికి నేనూ, మా ఆవిడా విజయవాడనుంచి వెళ్ళి అప్పటికి రెండు వారాలు. అల్లుడికి కంప్యూటర్ల ఉద్యోగం. దానితోపాటు పాతకార్ల పిచ్చి కూడా వున్నదని పెళ్ళిచూపులనాడు ఎవరూ చెప్పలేదు. రోజూ ఆఫీసుకి వెళ్ళేందుకు వేరే బండి వున్నది. ఇది మాత్రం ముచ్చటకోసం కొన్నది. 1991వ సంవత్సరపు లెక్సస్ ఎల్.ఎస్. 400. మా అమ్మాయి దాన్ని "ముసలి కారు" అంటుంది. పోనీ, ముసలివాళ్ళని తక్కువచేయడం ఈ కాలపు పిల్లలకి మామూలే కదా!

నా చెవుల సంగతి చెప్పాలి. ఇంజను ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా దిగాను. మా షెడ్డులో ఒక పక్క రేకుపనివాళ్ళు సుత్తులతో మోదుతూ వుండేవాళ్ళు. ఆ సుత్తులన్నీ నాకు కుడిపక్క. ఎనిమిది గంటలపాటు వరుసగా వినదగిన చప్పుడుకి 85 డెసిబెల్స్ హద్దు అని ఇవాళ ఎవరైనా చెబుతారు. ఆ రోజుల్లో చెవిలో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి మేమే నవ్వేవాళ్ళం. దానితో నా కుడిచెవి దాదాపు పెన్షను పుచ్చుకున్నది. ఎడమచెవి ఇంకా ఉద్యోగంలోనే వున్నదని నా నమ్మకం. మా ఆవిడ నమ్మకం వేరు.

ఇటువంటి చెవుడులో చిత్రం ఏమంటే, చప్పుడు వినబడుతుంది, మాట మాత్రం తెలియదు. సన్నని ధ్వనులు ముందు పోతాయి. స, ష, త, క వంటి హల్లులు ఎగిరిపోయి అచ్చులు మిగులుతాయి. "కాస్త చారు పోయనా" అంటే "ఆ... ఆఉ... ఓఆ" అన్నట్టు వినబడుతుంది. అడ్డదిడ్డంగా జవాబు చెబుతాం. ఇంట్లో నవ్వుతారు. నవ్వులపాలు కావడం ఇష్టంలేక కొన్నాళ్ళకి జవాబు చెప్పడం మానేస్తాం. నేను మానేశాను. చెవి మిషను మాట ఎత్తితే మాత్రం, "నాకేం ముసలితనం వచ్చిందా?" అని ఇల్లు ఎగరగొట్టేవాణ్ణి.

సరే, ఇంజను దగ్గరకి వద్దాం. పాత మెకానిక్కుల దగ్గర ఒక పద్ధతి వున్నది. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గరి ఎముకకి ఆనిస్తే, ఏ బేరింగు ఏడుస్తున్నదో, ఏ ట్యాపెట్ కొట్టుకుంటున్నదో చెప్పేస్తుంది. డాక్టరుగారి స్టెతస్కోపు వంటిదే. అల్లుణ్ణి అడిగి స్క్రూడ్రైవరు పట్టుకుని ఎడమచెవికి ఆనించాను.

విన్నాను. మెత్తగా, ఎడతెరిపి లేకుండా, దూరాన ఎక్కడో కుట్టుమిషను నడుస్తున్నట్టున్నది. టక్కులేదు, టిక్కులేదు. ముప్పైరెండేళ్ళ వయసున్న ఇంజను! ఆ రాత్రి నుంచి నాకు ఈ కారు కథ తెలుసుకుంటేగాని తోచలేదు. దొరికిన పుస్తకాలు చదివాను, అల్లుణ్ణి అడిగాను. అందులో కొంత మీకూ చెప్తాను.

1983 ఆగస్టులో జపానులో టొయోటా కంపెనీ ఛైర్మన్ ఎయిజీ టొయోడా పెద్దలందర్నీ రహస్యంగా సమావేశపరచి ఒక ప్రశ్న వేశాడు. ప్రపంచంలోని మేలైన కార్లతో పోటీపడగల కారు మనం చేయగలమా అని. అప్పటికి టొయోటా అంటే పొదుపైన సంసారుల కారు. పెట్రోలు తక్కువ తాగుతుంది, మొరాయించదు. అంతవరకే. షావుకార్లు, డాక్టర్లు, సినిమా తారలు కొనేది జర్మన్ బళ్ళు. ఆ గుమ్మం తొక్కాలని టొయోడా సంకల్పం. పనికి ఎఫ్-1 అని గుప్తనామం పెట్టారు. పందెపు కార్లకీ దీనికీ సంబంధం లేదు, నౌకాదళంలో ముందు నడిచే జెండా ఓడ వంటిదని దాని భావం.

1985లో కొందరు డిజైనర్లు కాలిఫోర్నియాలో సముద్రపుటొడ్డున లగూనా బీచ్ అనే చోట ఇల్లు అద్దెకు తీసుకుని కాపురం పెట్టారు. డబ్బున్న అమెరికావాళ్ళు ఎలా బ్రతుకుతారో, కారులోంచి ఎలా దిగుతారో, దేన్ని చూసి మురుస్తారో గమనించడం వాళ్ళ ఉద్యోగం! పెళ్ళికూతురి ఇంటి వ్యవహారం తెలుసుకోవడానికి పక్కింట్లో దిగిన మగపెళ్ళివారిలాగ అన్నమాట. మొత్తంమీద ఈ పనిలో 60 మంది డిజైనర్లు, 1,400 మంది ఇంజనీర్లు, 2,300 మంది పనివాళ్ళు పాల్గొన్నారు. నమూనా బళ్ళే సుమారు 450 కట్టి, జర్మనీ రహదారుల మీదా, అమెరికా రోడ్ల మీదా పరుగెత్తించారు. ఖర్చు నూరుకోట్ల డాలర్లు దాటింది. ఒక కొత్త కారు కోసం అంత డబ్బు గుమ్మరించడానికి గుండె కావాలి.

కారుకి ప్రధాన శిల్పి ఇచిరో సుజుకి అనే ఇంజనీరు. ఆయన పెట్టిన షరతులు వింటే నాకు మా పాత యజమాని గుర్తుకు వచ్చాడు. గంటకి 250 కిలోమీటర్ల వేగం పోవాలి. అయినా పెట్రోలు మితంగా తాగాలి. గాలనుకి 22.5 మైళ్ళకి తగ్గితే అమెరికా ప్రభుత్వం "పెట్రోలు తాగుబోతు" పన్ను వేస్తుంది, అది పడకూడదు. బండి పెద్దదిగా, గట్టిగా వుండాలి. అయినా బరువు పెరగరాదు. గాలిని చీల్చుకుపోవడంలో నిరోధపు అంకె 0.29కి మించరాదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో లోపలి చప్పుడు 58 డెసిబెల్స్ దాటరాదు.

మోటారు పని తెలియనివారికి ఇందులో తమాషా అంతుపట్టకపోవచ్చు. వేగం కావాలంటే పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజను పెట్రోలు తాగుతుంది. నిశ్శబ్దం కావాలంటే తివాచీలు, తారురేకులు, స్పాంజీలు దట్టించాలి. దట్టిస్తే బరువు. బరువు పెరిగితే మళ్ళీ పెట్రోలు. అంటే ఒక కోరిక తీరిస్తే మరొక కోరిక అలుగుతుంది, ఇద్దరు పెళ్ళాల సంసారంలాగ. ఇటువంటి షరతులు చూసి ఇంజను విభాగంవారు ఇది కానిపని అని మొదట పెదవి విరిచారట. పాపం, వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

సుజుకి పట్టుకున్న కీలకం ఒక్కటే. చప్పుడుని కప్పిపుచ్చవద్దు, పుట్టినచోటనే పుట్టకుండా చెయ్యండి అన్నాడు. చెప్పడానికి చిన్నమాటే. మేము షెడ్డులో చేసిందంతా దీనికి తలకిందులు. బండి మోగుతున్నదని ఎవరైనా తీసుకువస్తే, ఎక్కడో ఒక రబ్బరుముక్క దూర్చి, "ఇక వినబడదు లెండి" అని పంపేవాళ్ళం. ఆ రబ్బరుముక్క కింద రోగం అలాగే వుండేది.

ఇంజను సంగతే చూడండి. 3,969 సి.సి., ఎనిమిది సిలిండర్లు ఇంగ్లీషు 'వి' ఆకారంలో రెండు వరసలు, ముప్పైరెండు వాల్వులు, పైన నాలుగు క్యామ్ షాఫ్టులు, మొత్తం అల్యూమినియం పోత. 250 గుర్రాల శక్తి. తిరిగే భాగాలని అతి సన్నని తేడాలతో తులతూచి బిగించారు. దాన్ని బండిలో నిలబెట్టడానికి మామూలు రబ్బరు దిమ్మలు కాక, లోపల ద్రవం నింపిన దిమ్మలు వాడారు. ఇంజను అదురు ఆ ద్రవంలోనే కరిగిపోతుంది, రేకుదాకా రాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ప్రొపెల్లర్ షాఫ్టు. ఇంజను దగ్గర పుట్టిన శక్తిని వెనకచక్రాలకి మోసుకుపోయే కడ్డీ అది. మామూలుగా అది వంకర దారిలో పోతుంది. ఇంజను ఒక ఎత్తున, డిఫరెన్షియల్ ఒక ఎత్తున వుంటాయి కనుక మధ్యలో జాయింటు క్రాసులు మెలికపడి తిరుగుతాయి. ఆ మెలికలోనే అదురు పుడుతుంది. ఆ క్రాసులు నా చేతులమీదుగా వందలు మార్చి వుంటాను. అయినా ఆ మెలికే లేకుండా చేస్తే పోలేదా అని ఒక్కనాడూ తోచలేదు. వీళ్ళకి తోచింది. ఇంజను, గేరుబాక్సు, షాఫ్టు, డిఫరెన్షియల్ అన్నీ తాడు పట్టినట్టు ఒకే గీతమీద వుండేలా బండిని అమర్చారు. ఆ సంగతి చదివిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదంటే మా ఆవిడ నవ్వింది.

ఇంజనుకీ మనుషులకీ మధ్య రేకు కూడా ఒంటి రేకు కాదు. రెండు ఉక్కురేకుల మధ్య మెత్తని పొర ఒత్తిన జంటరేకు. కంచం మీద గరిటెతో కొడితే ఖంగుమంటుంది. అదే రెండు కంచాల మధ్య తడిగుడ్డ పెట్టి కొడితే? అదే కిటుకు. ఇక గాలి సంగతి. వేగం పెరిగేకొద్దీ ఇంజను కంటే గాలి పెద్ద గోల చేస్తుంది. ఎక్కడ అంచు పైకి లేచి వుంటే అక్కడ ఈల వేస్తుంది. అందుకని కిటికీ అద్దాలని చట్రంతో సమంగా కూర్చారు. ఇంజను అడుగున, కంటికి కనబడని చోట కూడా పలక వేసి నునుపు చేశారు. ఆ రోజుల్లో చాలా కార్లకి గాలి నిరోధపు అంకె 0.35, 0.40 వరకూ వుండేది. ఈ పెద్ద బండికి అనుకున్నట్టే 0.29 సాధించారు.

చూపులకి ఎలా వుంటుందని మా ఆవిడ పక్షాన అడిగే పాఠకురాళ్ళు కూడా వుంటారు. నిజం చెప్పాలంటే, చూడగానే "అబ్బ!" అనిపించదు. పొడుగ్గా, నెమ్మదిగా, కాస్త జర్మన్ పోలికలతో వుంటుంది. జర్మన్ కారుకి నకలని ఆనాడే విమర్శకులు ఎత్తిపొడిచారు. ఆ మాటలో కొంత నిజం వున్నదని నా అభిప్రాయం కూడా. కాని దగ్గరకి వెళ్ళి తలుపుకీ తలుపుకీ మధ్య సందు చూడండి. పైనుంచి కిందికి ఒకే సన్నని గీత. కంపెనీవారు ఒక ప్రకటనలో ఆ సందు వెంబడి ఉక్కుగుండుని దొర్లించి చూపారు. రేకుపని తెలిసినవాడికి ఆ గీత చాలు, ఇక నగిషీలు అక్కరలేదు.

లోపల మెత్తని తోలు సీట్లు, నున్నటి కొయ్యపలకలు. తాళం తిప్పగానే మీటర్లు చీకట్లోంచి దీపావళి దివ్వెల్లాగ వెలిగి పైకి వస్తాయి. తాళం తీస్తే స్టీరింగు తనంతట తాను పైకి జరిగి, దిగేవాడికి దారి ఇస్తుంది. "మీకంటే దానికి మర్యాద తెలుసు" అన్నది మా ఆవిడ. ఆమెకి నచ్చింది తలుపు. గట్టిగా వేస్తే కూడా 'ధబ్' అనక, పాత ఇనపపెట్టె మూత పడినట్టు బరువుగా మూసుకుంటుంది. ఊరికే రెండుసార్లు వేసి తీసి చూసింది.

బండికి లెక్సస్ అని కొత్త ఇంటిపేరు పెట్టారు. టొయోటా అంటే పెద్దవాళ్ళు కొనరేమోనని. ఆ పేరుమీద వ్యాజ్యం కూడా నడిచింది. 'లెక్సిస్' పేరుతో న్యాయ సమాచారం అమ్ముకునే సంస్థ కోర్టుకెక్కింది. 1989 మార్చిలో అప్పీలులో టొయోటా గెలిచింది. జనవరిలోనే డెట్రాయిట్ ప్రదర్శనలో కారుని లోకానికి చూపించారు. సెప్టెంబరులో అమ్మకాలు మొదలుపెట్టారు. ధర 35,000 డాలర్లు, జర్మన్ పెద్దకార్ల ధరకంటే ఎంతో తక్కువ. స్వదేశంలో మాత్రం అదే కారుని టొయోటా సెల్సియార్ అని అమ్మారు.

అమెరికా టెలివిజనులో వచ్చిన ప్రకటన ఇప్పటికీ చెప్పుకుంటారు. కారు చక్రాలని రోలర్లమీద వుంచి, బానెట్ మీద గాజు గ్లాసులు గోపురంలాగ పేర్చి, చక్రాలని గంటకి 145 మైళ్ళ వేగానికి సమంగా తిప్పారు. ఒక్క గ్లాసు కదలలేదు. నిశ్శబ్దాన్ని అమ్మడం కొత్త కాదు లెండి. 1958లో రోల్స్‌రాయిస్ సిల్వర్ క్లౌడ్ కారుకి డేవిడ్ ఒగిల్వీ రాసిన ప్రకటనలో, గంటకి 60 మైళ్ళ వేగంలో వినిపించే పెద్ద చప్పుడు గడియారందే అని చెప్పాడు. గడియారం విని నమ్మమన్నాడు ఒగిల్వీ. వీళ్ళు గ్లాసులు చూసి నమ్మమన్నారు.

అమ్మకాలు మొదలైన మూడు నెలలకే పరీక్ష వచ్చింది. వెనక బ్రేకు దీపం వేడెక్కిందని ఒకరు, వేగాన్ని నిలకడగా వుంచే క్రూయిజ్ మీట సరిగా వదలలేదని ఒకరు, మొత్తం ఇద్దరంటే ఇద్దరు ఫిర్యాదు చేశారు. పరువుకోసం దాచే కంపెనీలు వున్నాయి. వీళ్ళు 1989 డిసెంబరులో అప్పటికి అమ్మిన సుమారు 8,000 బళ్ళనీ వెనక్కి పిలిచారు. యజమానుల ఇళ్ళకే వెళ్ళి బండి తీసుకుపోయి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తెచ్చి అప్పగించారు. మూడు వారాలలోపల పని ముగించారు. పోవలసిన పేరు పదింతలై వచ్చింది.

తరవాతి కథ త్వరగా ముగిస్తాను. 1994లో రెండవ తరం, 2000లో మూడవది వచ్చాయి. 2006లో వచ్చిన ఎల్.ఎస్. 460కి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టె. కార్లలో అదే మొదటిది. 2017లో ప్రదర్శించిన తరంలో ఎనిమిది సిలిండర్లు పోయి ఆరు మిగిలాయి. మన దేశంలోకి ఆ కంపెనీ 2017లో అడుగుపెట్టింది, 2018లో పెద్దబండిని కూడా తెచ్చింది. 1996 నాటి పాతబండి ఒకటి 2019లో పదిలక్షల మైళ్ళు పూర్తిచేసింది. చందమామ దగ్గరకి రెండుసార్లు పోయి వచ్చినంత దూరమన్నమాట!

ఇక నా సొంత కథ.

జూన్ నెలలో ఒక శుక్రవారం పొద్దున్నే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనానికి బయల్దేరాం. 1976లో వెలసిన ఆలయం. అమెరికాలో మనవాళ్ళకి అది తిరుపతి వంటిది. ఆరుగంటల ప్రయాణం. అమ్మాయి రోజువారీ బండి తీయమన్నది. అల్లుడు ముసలికారు తీశాడు. నేను ముందు సీట్లో, అల్లుడి పక్కన. ఆడవాళ్ళు వెనక.

ఇక్కడ ఒక చిన్న భౌగోళికం గమనించాలి. మన దేశంలో డ్రైవరు కుడిపక్క వుంటాడు కనుక, పక్కన కూర్చున్నవాడి కుడిచెవి కారు లోపలికి వుంటుంది. అంటే నా పెన్షను చెవి. ఎడమచెవి కిటికీ పాలు. అమెరికాలో అంతా తలకిందులు. నా మంచిచెవి లోపలికి వచ్చింది. పైగా ఇది చప్పుడు చేయని కారు. రోడ్డు హోరు అనేది మొరటు ధ్వని. అది తక్కువ స్థాయిలోనే వున్నా సన్నని హల్లుల్ని మింగేస్తుంది. డెసిబెల్ లెక్క మన కూడికల లెక్క కాదు. పది పెరిగితే చెవికి రెట్టింపు తోస్తుంది. మనుషులు మామూలుగా మాట్లాడుకునేది సుమారు 60. హోరు అంతకంటే కిందికి దిగితేనే మాట పైకి తేలుతుంది. సుజుకి పెట్టిన 58 షరతు అర్థం నాకు పుస్తకంలో తెలియలేదు. పెన్సిల్వేనియా కొండల్లో తెలిసింది.

ఆ దారిలో కొండని తొలిచిన సొరంగాలు వున్నాయి. బ్లూ మౌంటెన్, కిట్టటినీ, ఒకదాని వెంట ఒకటి. భోజనాలయ్యాయి. నేను కళ్ళు మూసుకుని వున్నాను. నిద్రపోయానని అందరూ అనుకున్నారు. పోయినా, పోకపోయినా ఒకటేనని కూడా అనుకుని వుంటారు. కారులో నాకు ఏమీ వినబడదని ఇంటిల్లపాదికీ తెలిసిన సంగతేగా.

సొరంగం దాటాం. వెనకనుంచి మా ఆవిడ గొంతు. గుసగుస కాదు, మామూలుకంటే కాస్త తగ్గించిన గొంతు.

"మీ నాన్నగారికి చెప్పకు. సంక్రాంతి ముందు పాలకని వెళ్ళి వస్తుంటే వెనకనుంచి లారీ వచ్చిందిట. హారను మీద హారను. ఆయన పక్కకి జరగలేదు. పూలకొట్టు వాళ్ళ కుర్రాడు పరుగెత్తుకువచ్చి చెయ్యి పట్టుకుని లాగాడుట. లేకపోతే..."

ఆ పొద్దు నాకు బాగా గుర్తున్నది. ఎవడో కుర్రవెధవ దారినపోతున్నవాణ్ణి చెయ్యి పట్టి లాగి, పాలపాకెట్టు నేలపాలు చేశాడు. నేను వాణ్ణి నలుగురిలో నానా మాటలూ అన్నాను. ఇంటికి వచ్చి, "ఈ కాలపు పిల్లలకి పెద్దాచిన్నా లేకుండా పోయింది" అని మా ఆవిడకి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె విని వూరుకున్నది. లారీ సంగతి నేను అప్పుడు ఎరగను.

"మరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేకపోయావా అమ్మా?"

"మాట ఎత్తనిస్తారా? అందుకే పొద్దున కూరలకని వంక పెట్టుకుని రోజూ వెనకాలే వెళ్తున్నాను. పదడుగులు వెనక. మోకాళ్ళు నొప్పి, ఆయన అడుగు పెద్దది. నేను వస్తున్నానని తెలిస్తే కోప్పడతారు."

తెలిసేది. చాలాసార్లు వెనక్కి తిరిగి చూసి, "నీకు రోజూ ఏం కూరలే?" అని విసుక్కున్నాను కూడా. ఇంట్లో రెండురోజుల బెండకాయలు వాడిపోతుంటే మళ్ళీ బెండకాయలు ఎందుకు తెచ్చావని దెబ్బలాడాను.

అల్లుడు నాకేసి చూశాడు. నా కళ్ళు తెరుచుకుని వున్నాయి. అతనికి తెలిసిపోయింది. ఏమీ అనకుండా రోడ్డుకేసి చూస్తూ వుండిపోయాడు. మంచి కుర్రాడు. నాకు గొంతుకి ఏదో అడ్డం పడింది. టస్కరోరా సొరంగం వచ్చింది, దాటింది. వెనక మాటలు పచ్చళ్ళమీదకి పోయాయి. ఒక్కొక్క హల్లు వినబడుతున్నది.

పిట్స్‌బర్గులో దర్శనం బాగా జరిగింది. ప్రసాదానికి పులిహోర. ఆలయం మెట్లు దిగేటప్పుడు నేను అలవాటుగా ముందు నడుస్తున్నాను. నాలుగు మెట్లు దిగి ఆగాను. మా ఆవిడ వచ్చి పక్కన నిలబడేదాకా ఆగి, "పద" అన్నాను. "ఏమండీ, ఒంట్లో బాగానే వుందా?" అన్నది అనుమానంగా.

ఎడిసన్ చేరిన మర్నాడు అమ్మాయిని పిలిచి, "ఇక్కడ చెవులు పరీక్షచేసేవాళ్ళు ఎవరైనా వున్నారా?" అని అడిగాను. అది తల్లికేసి చూసింది. తల్లి నాకేసి చూసింది. అల్లుడు గోడకేసి చూశాడు.

చెక్కపెట్టె వంటి చిన్నగదిలో కూర్చోబెట్టి, చెవులకి తగిలించి, సన్నగా, మరీ సన్నగా ఈలలు వినిపించారు. వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. కాగితం మీద రెండు గీతలు వచ్చాయి. సన్నని ధ్వనుల దగ్గరికి వచ్చేసరికి రెండూ కొండమీదనుంచి జారినట్టు కిందికి దిగిపోయాయి. ఎడమది కూడా! ఉద్యోగంలో వున్నదని నేను గొప్పలు చెప్పుకున్న చెవి ఏనాడో సగం జీతం సెలవు పెట్టింది. ఇంజను నిజంగా నిశ్శబ్దంగా వున్నదా అని ఆ మొదటినాడు పుట్టిన అనుమానం తీరింది. రెండూ నిజమే.

రెండు వారాల తరవాత వినికిడి యంత్రాలు వచ్చాయి. వేరుశెనగ గింజంత వున్నాయి. పెట్టుకోగానే కుళాయి నీళ్ళు, కాగితం మడత, నా చెప్పులు, అన్నీ గోల. ఆ సాయంకాలం అల్లుడు ముసలికారు బయటికి తీసి, "రండి మామయ్యగారూ, ఇప్పుడు వినండి" అన్నాడు. నలుగురం ఎక్కాం. ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కేసరికి నాకు వెనకనుంచి ఒక చప్పుడు తగిలింది. సన్నగా, ఆగి ఆగి. ముప్పైనాలుగేళ్ళ ఫోర్‌మన్ నాలో మేలుకున్నాడు.

"బాబూ, పక్కకి తీసి ఆపండి. వెనక ఎక్కడో క్లిప్పు వదులైంది. రేకుకి తగులుతున్నది" అన్నాను.

అల్లుడు ముఖం తెల్లబడింది. బండి ఆపాడు. దిగి డిక్కీ తీసి చూశాం, చక్రం మూత తట్టి చూశాం, సీటు కింద చెయ్యిపెట్టి చూశాం. ఏమీ లేదు. మళ్ళీ బయల్దేరాం. మళ్ళీ అదే చప్పుడు.

"అదుగో! వినబడలేదూ?"

"నాకేం వినబడటం లేదు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

వెనకనుంచి మా అమ్మాయి ఒక్కసారి పగలబడి నవ్వింది. "నాన్నా, అది అమ్మ చేతి గాజులు!"

నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ చెయ్యి పైటకొంగు కిందకి లాక్కుంటూ, "తీసేయమంటారా ఏమిటి?" అన్నది.

"వద్దు" అన్నాను.